మా సంఘం వ్యాను ఎందుకు మరిగింది

ముందుగా ప్రభువుకు స్తోత్రం. నీళ్ళను చేసినవాడు ఆయనే. అవి ఎంత వేడికి మరగాలో నిర్ణయించినవాడూ ఆయనే. ఆ రెండో పని చేసేటప్పుడు మా సంఘం వ్యానును కాస్త దృష్టిలో పెట్టుకుని ఉంటే బాగుండేదని ఒకప్పుడు నేను సణిగిన మాట నిజం. ఎడారిలో నీళ్ళ కోసం సణిగినవాళ్ళను ఆయన ఓర్చుకున్నాడు. రేడియేటరు నీళ్ళ కోసం సణిగిన నన్నూ ఓర్చుకున్నాడు. అందుకు ఇంకోసారి స్తోత్రం.

విజయవాడలో మా సంఘానికి ఒక పాత డీజిల్ వ్యాను ఉండేది. ఒక స్కూలు వాళ్ళు పిల్లల్ని ఎక్కించడానికి ఇక పనికిరాదని అమ్మేస్తే, విశ్వాసుల్ని ఎక్కించడానికి పనికొస్తుందని మా పెద్దలు కొన్నారు. దాని ఇంజను బయట బానెట్ కింద ఉండదు. డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ మధ్య, ఒక ఇనప పెట్టెలో ఉంటుంది. రేడియేటరు మూత కూడా ఆ పెట్టె తెరిస్తేనే కనిపిస్తుంది. పక్క సీటు మా సెక్రటరీగారిది. ఎండాకాలం ఆయన పంచె ఒక పక్క ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టే ఉండేది.

డ్రైవరు మా బాబాయి. నాన్నకు ఆఖరి తమ్ముడు. ఒకప్పుడు లారీ నడిపేవాడు, బాగా తాగేవాడు. ఒక ఉపవాస కూటంలో మోకాళ్ళ మీద పడి ఏడ్చి మానేశాడు. నిజంగానే మానేశాడు. అయితే మా సంఘంలో తాగుడు మానేసినవాడికి ఒక ఇబ్బంది ఉంది. తాగే రోజుల్లో అతని గురించి ఎవరూ ఏమీ అనుకోరు. మానేశాక మాత్రం అందరూ దగ్గరగా వచ్చి వందనాలు చెబుతారు, ముక్కుతో సహా. పాస్టరుగారు అతన్ని నమ్మి వ్యాను తాళాలు ఇచ్చారు. సెక్రటరీగారు నమ్మకుండా ఒక షరతు పెట్టారు: ఒక్క అనుమానం వచ్చినా తాళాలు బల్ల మీద పెట్టాలి. బాబాయికి ఆ తాళాలంటే జీతం కాదు, జీతమేమీ లేదు కూడా. దేవుడు తనను మార్చాడనడానికి నలుగురికీ కనిపించే సాక్ష్యం అతని దగ్గర అదొక్కటే.

నేను అప్పుడు సండే స్కూలు టీచరుని. పాటల జట్టులో కంజిర కొట్టేదాన్ని. కాబట్టి జరిగిందంతా వ్యాను వెనక సీట్లోంచి చూశాను.

ఊళ్ళలో సువార్త కూటాలకు వెళ్ళేటప్పుడు వ్యాను ముందు బ్యానరు కట్టడం మా ఆచారం. మొదట్లో గుడ్డ బ్యానరు ఉండేది. రంగుతో వాక్యం, కింద కూటాల వివరం. గాలికి చిరిగిపోకుండా దాని నిండా అర్ధచంద్రాల్లా బొక్కలు కోసేవాళ్ళు. తర్వాత ఊళ్ళోకి ఫ్లెక్సీలొచ్చాయి. సెక్రటరీగారు పట్టుబట్టి ఒకటి చేయించారు. నిగనిగలాడే నీలం రంగు, ఒక పక్క వాక్యం, మధ్యలో చెయ్యెత్తి దీవిస్తున్న పాస్టరుగారి ముఖం, అసలు ముఖం కంటే రెండింతలు తెల్లగా. దానికి బొక్కలు కొయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎక్కడ కోసినా వాక్యానికో పాస్టరుగారికో తగులుతుంది. బిగించి, నాలుగు మూలలా తాళ్ళతో వ్యాను ముందు కట్టేశారు.

ఆ తర్వాతే వ్యాను మరగడం మొదలైంది. ఇప్పుడు చెబితే పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. అప్పుడు మాకు కాలేదు. మేము అంతకంటే లోతైన కారణాలు వెతికే జనం.

మొదటిసారి కంకిపాడు దాటాక మరిగింది. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది, పెట్టె సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పాట మధ్యలో సెక్రటరీగారు పంచె పట్టుకుని దూకారు. బాబాయి చల్లారేదాకా ఆగి, తడిగుడ్డతో మూత తిప్పి, కాలవ నీళ్ళు పోశాడు. ఇంకో పది మైళ్ళకు మళ్ళీ అదే. ఆ వారం నుంచి ఏ ఊరి కూటానికి బయల్దేరినా మధ్యలో ఒక ఆవిరి కూటం తప్పేది కాదు.

ఆటోనగర్‌లో మా మేస్త్రీ ఒక ముస్లిం పెద్దాయన. ఆయన శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూస్తాడు, మేము ఆదివారం వెళ్ళం. ఇద్దరు దేవుళ్ళ సెలవుల మధ్య మా వ్యాను రిపేరు జరగాలి. బండి షెడ్డుకు తీసుకెళ్ళే ముందు ఫ్లెక్సీ విప్పి, చుట్టచుట్టి, పాస్టరుగారింట్లో బీరువా మీద పెట్టేవాళ్ళం. గ్రీజు చేతులు వాక్యానికి తగలకూడదని సెక్రటరీగారి ఆజ్ఞ.

మేస్త్రీ ఫ్యాను బెల్టు బిగించాడు. రేడియేటరు విప్పి కడిగించాడు, లోపలి నుంచి మా సంఘం చరిత్రంత మట్టి వచ్చింది. కొత్త మూత వేశాడు. వాటర్ పంపు చూశాడు, బాగుందన్నాడు. నీళ్ళను ఆపి వదిలే వాల్వు ఒకటుంటుందట, దాన్ని పీకి బయట పారేశాడు. "ఇంక దీనికి అడ్డమేం లేదండి. నీళ్ళు కృష్ణా నదిలాగా తిరుగుతాయి," అన్నాడు. తనే నడుపుకుంటూ గుణదల దాకా వెళ్ళి, అటునించి హైవే ఎక్కి, బాగా తోలి వచ్చాడు. ముల్లు కదల్లేదు.

మర్నాడు ఫ్లెక్సీ కట్టుకుని బాబాయి నడిపాడు. మరిగింది.

ఇలా రెండు మూడుసార్లయ్యాక సంఘంలో ఒక మాట బయల్దేరింది. మేస్త్రీ నడిపితే మరగని బండి ఇతను నడిపితే మరుగుతోంది. అంటే లోపం బండిలో లేదు. లేఖనాల్లో ఇలాంటి వాటికి కొదవా? ఒక్కడు దొంగసొత్తు గుడారంలో పాతిపెడితే సైన్యమంతా ఓడింది. ఒక ప్రవక్త దేవుడికి మొహం చాటేసి ఓడెక్కితే తుఫాను లేచింది. ఇవి పిల్లలకు నేర్పేది నేనే. నేను నేర్పిన కథలే తిరిగొచ్చి మా బాబాయి మెడకు చుట్టుకుంటుంటే నోరెత్తలేకపోయాను.

"ఏం బ్రదరూ, ఈ మధ్య లారీ వాళ్ళతో కనబడుతున్నావంట," అని ఒకాయన అడిగాడు.

"లారీ వాళ్ళతోనే గదండీ ఇరవయ్యేళ్ళు బతికింది. కనబడితే మొహం తిప్పుకోమంటారా?" అన్నాడు బాబాయి.

"మొహం తిప్పుకోమన్లేదు. నోరు ఇటు తిప్పమంటున్నా."

బాబాయి నోరు తెరిచి, ఆయన ముక్కు ముందు గట్టిగా ఊదాడు. పొద్దున తిన్న ఉల్లిపాయ పెసరట్టు వాసన తప్ప ఏమీ రాలేదు. అయినా ఆయన, "ఉల్లిపాయ దేన్నైనా కప్పేస్తుంది," అంటూ వెళ్ళిపోయాడు.

వ్యాను కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. అందరూ బండి చుట్టూ నిలబడి రేకుల మీద చేతులుంచి ప్రార్థించారు. ఎండకు రేకులు కాలిపోతున్నాయి, అందువల్ల ప్రార్థనలు క్లుప్తంగా, మనస్ఫూర్తిగా జరిగాయి.

ఆ మర్నాడు షెడ్డులో మేస్త్రీ రేడియేటరు మూత తీసి, లోపలికి చూసి, నాలుక చప్పరించాడు. నీళ్ళ మీద నూనె తేలుతోంది. "హెడ్ గాస్కెట్ పోయిందండి. ఇంజనులో ఆయిలు ఆయిలు దారిన, నీళ్ళు నీళ్ళ దారిన పోవాలి. మధ్య అడ్డు చిరిగితే ఇట్టాగే కలుస్తాయి. మొత్తం విప్పాలి," అన్నాడు. ఎందుకు చిరిగిందని సెక్రటరీగారు అడిగితే, నీళ్ళు అయిపోయినా చూసుకోకుండా తోలితే చిరుగుతుందన్నాడు. ఆయన తన పని ప్రకారం చెప్పాడు. తప్పేం లేదు.

సెక్రటరీగారికి అంతే కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు చాపల మీద కూర్చున్నారు. బాబాయిని ముందు నిలబెట్టారు. మేము ఆడవాళ్ళం ఆ పక్క కూర్చున్నాం. మా నాయనమ్మ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ప్రార్థిస్తోందో నిద్రపోతోందో మా సంఘంలో ఎవరి విషయంలోనూ తేల్చి చెప్పలేం.

"నీళ్ళలో నూనె తేలుతోంది," అన్నారు సెక్రటరీగారు. "నీళ్ళు లేకుండా తోలితే అట్లా అవుద్దంట. నీళ్ళు లేకుండా ఎవరు తోల్తారు? ఒళ్ళు తెలీనోళ్ళు తోల్తారు. నేనేం మాట తూలటం లేదు పాస్టరుగారూ. మేస్త్రీ చెప్పిందే చెప్తున్నా."

"నేను ముట్టుకోలేదండి," అన్నాడు బాబాయి. జేబులోంచి తాళాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. బల్ల అతనికి రెండడుగుల దూరంలో ఉంది.

అప్పుడు గోడ దగ్గర్నుంచి నాయనమ్మ గొంతు వినబడింది. "ఆ నూనె నేను పోశానండి."

అందరూ అటు తిరిగారు.

"ఏ నూనె అమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ప్రార్థన నూనె. మీరు ప్రార్థన చేసిచ్చిన సీసా. సగం నా మోకాళ్ళకి అయిపోయింది, మిగతాది బండికి పోశా."

"బండికి ఎందుకమ్మా?"

"రోగికి నూనె రాసి ప్రార్థించమని మీరేగా చెప్తారు. ఆవిరి ఎక్కణ్ణించి వొస్తే రోగం అక్కడున్నట్టేగా. శుక్రవారం మీరంతా రేకుల మీద చేతులేసి నిలబడితే, రోగం లోపలుంటే వీళ్ళు చర్మం పట్టుకుంటారేంటా అనిపించింది. అందరూ వెళ్ళాక మూత తీసి పోశా. తప్పు బొక్కలో పోశానంటారా?"

పాస్టరుగారు వెంటనే తల వంచి కళ్ళు మూసుకున్నారు. ప్రార్థిస్తున్నారనే అనుకున్నాం గాని, భుజాలు కదులుతున్నాయి.

మా నాయనమ్మ కొడుకు మీద ప్రేమతో చేసిన అభిషేకమే కొడుకు మీద సాక్ష్యమై కూర్చుంది. దేవుడు మంచివాడు కాబట్టి ఆవిడ నోటితోనే దాన్ని కొట్టేయించాడు. మేస్త్రీకి ఈ సంగతి చెబితే, వేలితో ఆ నూనె తీసి వాసన చూసి, "ఇంత మంచి నూనె పోసి, నీళ్ళు అంతలా మరుగుతుంటే, బజ్జీలన్నా వేసుకోలేదేంటమ్మా," అని నాయనమ్మను అడిగాడు. సబ్బు పొడి కలిపిన నీళ్ళతో రేడియేటరు నాలుగైదుసార్లు కడిగించాడు. ఇంజను విప్పే పని తప్పింది.

సెక్రటరీగారు మాత్రం తేలిగ్గా వదిలే మనిషి కారు. "నూనె సంగతి తేలింది. నూనె పొయ్యకముందు మరిగిన సంగతేంటి?" అన్నారు. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా, ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. చివరికి ఒప్పందం కుదిరింది. వచ్చే వారం చల్లపల్లిలో కూటాలు. వ్యాను మరగకుండా వెళ్ళి మరగకుండా వస్తే సరి. లేకపోతే తాళాలు బల్ల మీదికి.

చల్లపల్లి ప్రయాణం రోజు బాబాయి తెల్లారకముందే లేచి నీళ్ళు చూసుకున్నాడు, బెల్టు చూసుకున్నాడు, మూత చూసుకున్నాడు. సెక్రటరీగారు ఫ్లెక్సీ చూసుకున్నారు. కిందటిసారి కాస్త వదులైందని ఈసారి మరీ బిగించి కట్టించారు. ముడతల్లేకుండా పాస్టరుగారు ముందు నవ్వుతుండగా బయల్దేరాం. అసలు పాస్టరుగారు మాతోపాటే వెనక కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

ఉయ్యూరు దాటాక, చెరకు ట్రాక్టర్ల వెనక కొంచెం నెమ్మదించి, రోడ్డు ఖాళీ అయ్యాక వేగం పెంచాడు బాబాయి. ముల్లు లేచింది. బాబాయి మెడ వెనక చెమట కారడం నాకు కనబడింది. సెక్రటరీగారు ముల్లు వైపే చూస్తూ పెదాలు కదుపుతున్నారు. ఆవిరి వచ్చింది.

బండి పక్కకు ఆపాడు. చెట్టు నీడ లేని చోట ఆగాం. ఎండ మాడ్చేస్తోంది. పాటల జట్టులో ఒకావిడ చంకలో పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. "అదేదో అట్టా ఊరికే ఉందిగా, విప్పండే," అంది నాయనమ్మ. సెక్రటరీగారు కాలవ గట్టున దిగి ప్రార్థిస్తుండగా, మేము ఆడవాళ్ళం ఫ్లెక్సీ తాళ్ళు విప్పి, నాలుగు మూలలా పట్టుకుని పందిరిలా ఎత్తాం. పాస్టరుగారి ముఖం కింద బిడ్డ నిద్రపోయింది. ఆయన ప్రసంగాల కింద కూడా అలాగే నిద్రపోతారు జనం, అది వేరే సంగతి.

ఇంజను చల్లారాక ఆలస్యమైపోయిందని, ఫ్లెక్సీని మడిచి సీటు కింద తోసేసి బయల్దేరాం. పామర్రు వచ్చింది, ముల్లు లేవలేదు. కూచిపూడి వచ్చింది, లేవలేదు. చల్లపల్లి చేరాం, ఇంకా నిద్రలేవని దానిలా ముల్లు కిందే పడుకుని ఉంది. సెక్రటరీగారు దిగుతూనే, తాళాల మాట మరిచి, కాలవ గట్టున తాను చేసిన ప్రార్థన గురించి సాక్ష్యం చెప్పారు. మేమంతా స్తోత్రం అన్నాం. నేనూ అన్నాను, మనసారా.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. కృతజ్ఞతగా సెక్రటరీగారు తన చేతులతోనే ఫ్లెక్సీ కట్టారు. కూచిపూడి దాటీ దాటకముందే వ్యాను మళ్ళీ మరిగింది.

బాబాయి బండి ఆపి తాళం తీశాడు. సెక్రటరీగారు అరచెయ్యి చాపారు. బాబాయి ఆ చేతిలో తాళం పెట్టలేదు. దిగి ముందుకు వెళ్ళాడు. ఫ్లెక్సీని ముట్టుకుని చూశాడు. దాని కిందనుంచి చెయ్యి లోపలికి పెట్టి, వెంటనే తీసేసుకున్నాడు. తర్వాత దాని ముందు అలాగే నిలబడిపోయాడు. ఒక పాత కథలో, దారికి అడ్డంగా నిలబడ్డ దూత గాడిదకు కనబడతాడు, మీద కూర్చున్న ప్రవక్తకు కనబడడు. ఆయన గాడిదను కొట్టాడు. మేము ఇన్నాళ్ళూ మా బాబాయిని కొట్టాం.

"పాస్టరుగారూ, ఒక్కసారి ఇది తీసేసి తోలతానండి," అన్నాడు.

"అంటే," అన్నారు సెక్రటరీగారు, "దేవుని వాక్యం వల్ల బండి ఆగిందంటావా?"

"వాక్యం వల్ల కాదండి. ప్లాస్టిక్కు వల్ల."

"మరి ఇన్నేళ్ళు గుడ్డ బ్యానరు కట్టలేదా?"

"దానికి బొక్కలుండేయండి. గాలి లోపలికెళ్ళేది. దీని మూలాన రేడియేటరుకి ఊపిరాడటం లేదు. నిన్న తీసేశాకేగా బాగా నడిచింది."

"నిన్న నడిచింది ప్రార్థన వల్ల."

"ప్రార్థన వల్లేనండి. మీరు అక్కడ ప్రార్థిస్తుంటేనే, ఇక్కడ ఆడాళ్ళు దీన్ని విప్పారు."

పాస్టరుగారు కిందికి దిగి, ఫ్లెక్సీ చుట్టూ ఒకసారి తిరిగి, "రేడియేటరు సరిగ్గా ఎక్కడుందయ్యా?" అని అడిగారు.

బాబాయి మొహమాటపడుతూ చూపించాడు. "మీ ముఖం వెనకాలేనండి."

పాస్టరుగారు సంచిలోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీశారు. సెక్రటరీగారు, "వద్దండీ, వద్దండీ, మీ ఫోటో," అంటూ అడ్డం వచ్చారు. "రోజూ ఈ ముఖానికేగా వాడుతున్నాను," అన్నారు పాస్టరుగారు. చెవి నుంచి చెవి దాకా గుండ్రంగా కోసి, తన ముఖాన్ని ఊడదీసి, నాయనమ్మకు ఇచ్చారు. ఆవిడ దానితో విసురుకుంటూ వచ్చింది.

అక్కణ్ణుంచి విజయవాడ దాకా ముల్లు కదల్లేదు. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. బాబాయి చూడటం మానేశాడు. చాలా రోజుల తర్వాత పాట అందుకున్నాడు, శ్రుతి లేకుండా.

తర్వాతి ఆదివారం సెక్రటరీగారు ప్రకటనలు చదివారు. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు, స్త్రీల సమాజం కూడిక, చివర కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వ్యాను బాగుంది. డ్రైవరు గురించి నేనన్న మాట తప్పు. అతను కూడా బాగున్నాడు," అన్నారు. ఆయన నోట అంత మాట రావడం చల్లపల్లి కూటాల్లో జరిగిన స్వస్థతల కంటే పెద్దదని నా అభిప్రాయం. బాబాయి మాత్రం ఆ మాట అయ్యేసరికి లోపల లేడు. తాళాలు తువ్వాలుతో తుడుచుకుంటూ నీళ్ళు చూడ్డానికి బయటికి వెళ్ళాడు.

ఆ ఫ్లెక్సీ వెలిసిపోయేదాకా ముఖం లేకుండానే ఊళ్ళు తిరిగింది. చెయ్యి దీవిస్తూ ఉండేది, తల ఉండాల్సిన చోట రేడియేటరు జాలీ దుమ్ముపట్టి నల్లగా కనబడేది. ఒక ఊళ్ళో ముసలాయన చాలాసేపు చూసి, "మీ పాస్టరుగారి మొహానికి దుమ్మెక్కువగా ఉందే," అన్నాడు.

ఇది చదువుతున్న మీరు ఏ మతం వాళ్ళైనా సరే, ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. బండి నడుపుతూ చదువుతుంటే మాత్రం మూసుకోకండి. నేనంటాను, మీరూ కలిసి అనండి: ప్రభువా, నీ గాలికి అడ్డంగా మేము ప్రేమతో బిగించి కట్టుకున్నవి మాకు చూపించు. అక్కడ మా ముఖమే ఉంటే, కోసుకోవడానికి చేతిలో బ్లేడు పెట్టు. లోపల ఊపిరాడక మరిగిపోతున్నవాడి నోరు వాసన చూడకుండా మమ్మల్ని ఆపు. ఆమేన్ మీరు చెప్పండి.